వదినెకు తినిపించిన తొమ్మిది రోజులు

వచ్చిన రాత్రి

శంషాబాద్‌లో విమానం దిగి వాళ్ళు బయటికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. కొడుకు, కోడలు ముందు నడుస్తుంటే వెనక చిన్న చక్రాల పెట్టె లాక్కుంటూ మా వియ్యపురాలు వచ్చింది. వాళ్ళ ఊళ్ళో పెళ్ళి జరిగినప్పుడు మా ఆయనకు ఆపరేషన్ అయి మేం వెళ్ళలేకపోయాం. ఫోన్‌లో తప్ప ఆమెను చూడడం నాకు అదే మొదలు. వాళ్ళది మెక్సికో దేశపు దక్షిణ భాగంలో ఉన్న వహాకా. ఆమెకు స్పానిష్ తప్ప వేరే భాష రాదు. నాకు తెలుగు, ఉర్దూ, బడిలో సైన్సు పాఠం చెప్పేటంత ఇంగ్లీషు.

కారులో కోడలు ఒక సంగతి చెప్పింది. పిల్ల తల్లికీ పిల్లవాడి తల్లికీ ఉన్న చుట్టరికానికి ఇంగ్లీషులో మాట లేదు కానీ స్పానిష్‌లో ఉందట: కోన్సుయేగ్రా. మా దగ్గర వియ్యపురాలంటాం అన్నాను. మరి ఎదురుగా ఉన్నప్పుడు ఏమని పిలవాలని అడిగిందామె. "వదినె" అని నేర్పాను. స్పానిష్‌లో 'వ'ను 'బ'లాగే పలుకుతారు. రామంతపూర్ ఇల్లు చేరేలోపు నేను "బదినె"నై పోయాను.

పిల్లలిద్దరికీ అక్కడి ఆఫీసు పని ఉంటుంది. అక్కడ పగలైతే మనకు రాత్రి. రాత్రంతా పనిచేసి పగలంతా పడుకుంటారు. అంటే పగళ్ళు మా ఇద్దరివే. పడుకోబోయే ముందు నేను నిర్ణయించుకున్నాను, ఈ తొమ్మిది రోజుల్లో ఈమె పుట్టి బుద్ధెరిగి రుచి చూడనివన్నీ తినిపించాలని.

మొదటి రోజు, పెత్రమాస

తెల్లవారితే పెత్రమాస, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున్నే మా అత్తమ్మ మినప్పప్పు రుబ్బించి గారెలకు కూర్చుంది. అత్తమ్మకు 84 ఏళ్ళు, ఇప్పటికీ గారె చిల్లు ఆమె వేలే పెట్టాలి. వదినె స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. తడి ఆకు మీద పిండి ముద్ద పెట్టి, తట్టి, మధ్యలో చిల్లు చేసి నూనెలోకి జార్చడం నాలుగైదు సార్లు చూసింది. చిల్లు ఎందుకని చేత్తో అడిగింది. లోపల కూడా సమంగా కాలడానికి అని నేనూ చేత్తోనే చెప్పాను.

మొదటి గారె విరవగానే ఆవిరి ఎగసింది. ఆమె నమిలింది, ఆగింది, నోట్లోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టి చూసింది. కరివేపాకు. పెరట్లోకి తీసుకెళ్ళి చెట్టు చూపించాను. ఒక రెబ్బ తుంచి అరచేతిలో నలిపి వాసన చూసింది, మళ్ళీ చూసింది. దానికి ఆమెకు పేరు తెలియదు. మినుములకూ తెలియదు, ఇంగువకూ తెలియదు. నా లెక్క బాగానే మొదలైందని సంబరపడ్డాను.

పెత్రమాస నాడు పెద్దల పేరున అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఫోటో ముందు పెడతాం. మామయ్య ఫోటోకు నేను బంతిపూల దండ వేస్తుంటే వెనక వదినె అలికిడి ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆమె ఆ దండను తాకీ తాకకుండా పట్టుకుని ఉంది. "సెంపసూచిల్" అంది. కళ్ళ నిండా నీళ్ళు.

కోడలిని నిద్ర లేపక తప్పలేదు. ఆ పిల్ల ఒక్కొక్క మాటే చెబుతుంటే నేను గోడకు ఆనుకుని విన్నాను. బంతి పుట్టిల్లు మెక్సికోయే. అక్కడి ఆదివాసుల నావాట్ల్ భాషలో సెంపోవల్ అంటే ఇరవై, షోచిత్ల్ అంటే పువ్వు. ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళు ఇంటికి వస్తారని వాళ్ళ నమ్మకం. మొదటి రోజు పిల్లలు, రెండో రోజు పెద్దవాళ్ళు. ఆ వాసన పట్టుకునే వాళ్ళు దారి తెలుసుకుంటారట. అందుకే వాకిలి నుంచి పీట దాకా బంతి రేకులు చల్లుతారు. పీట మీద ఫోటో, నీళ్ళు, ఉప్పు, రొట్టె, పోయినవాళ్ళకు ఇష్టమైన తిండి. మా అన్నయ్య గారు, అంటే వదినె భర్త, పోయి అప్పటికి పదకొండు నెలలు. ఆయన పోయాక ఆమె ఇల్లు కదలడం ఇదే మొదటిసారి.

బ్యాగులోంచి ఆయన ఫోటో తీసింది కానీ పెట్టమని అడగలేదు. అత్తమ్మ మంచం మీది నుంచే చూసి, "పెట్టుమను బిడ్డా. మీ మామకు తోడుంటడు" అంది. ఆయనకు ఏమిష్టమో అడిగాం. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేయించిన పల్లీలట, వహాకాలో అంగడంగడికీ అమ్ముతారట. ఇది మా వంటింట్లో చేయలేనిది కాదు. మూకుడులో నూనె వేసి పొట్టు తీయని ఎల్లిపాయలు, ఎండుమిరపకాయలు, పల్లీలు సన్న సెగ మీద వేయించాం. చివర్లో ఉప్పు చల్లి ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొంచెం ఎర్రబడనివ్వమని ఆమె చెయ్యి ఊపింది. మామయ్య ముందు గారెలు, పాయసం. అన్నయ్య గారి ముందు పల్లీలు. ఇద్దరికీ ఒకే దండ సరిపోయింది.

సాయంత్రం కాలనీ గుడి దగ్గర తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళం చప్పట్లు కొడుతూ తిరిగాం. రెండో చుట్టుకే ఆమెకు అడుగు కలిసింది.

రెండో రోజు, అటుకుల బతుకమ్మ

పొద్దున్నే అటుకులు, బెల్లం నైవేద్యం పెట్టి చార్మినార్ వెళ్ళాం. ఆదివారం కాకపోవడంతో ఇంకా తోపులాట లేదు. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్ల కింద తల ఎత్తి కాసేపు నిలబడ్డాక పక్కనే ఉన్న ఇరానీ హోటల్‌లోకి తీసుకెళ్ళాను.

ఇరానీ చాయ్ పెట్టే తీరు మామూలు ఇంటి టీ లాంటిది కాదు. డికాక్షన్ ఒక గిన్నెలో మూత బిగించి దమ్ మీద ఉంటుంది. పాలు వేరే గిన్నెలో గంటల కొద్దీ మరిగి చిక్కబడతాయి. కప్పులో రెండూ కలిసేది ఆఖర్న. దానికి తోడు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్. ముందు తీపి తగిలి వెనక ఉప్పు వచ్చే ఆ బిస్కెట్ చాయ్‌లో ఎంతసేపు ఉంచాలో తెలియక కొత్తవాళ్ళు సగం పోగొట్టుకుంటారు. వదినె ముంచి, లోపల రెండు లెక్క పెట్టుకున్నట్టుగా ఆగి, విరగకుండా నోట్లో పెట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో చాక్లెట్‌ను నీళ్ళలో కాచి, నురగ తీసి, అందులో గుడ్డు సొన కలిపి కాల్చిన రొట్టె ముంచుకుని తింటారట. "మాకూ ఉంది" అన్నది ఆమె నేర్చుకున్న రెండో తెలుగు మాట అయింది.

లాడ్ బజారు మొదట్లో జామకాయల బండి. బండివాడు కాయను నాలుగు పక్కలా కోసి ఉప్పుకారం అద్దుతున్నాడు. నేను ధర అడిగేలోపే ఆమె చెయ్యి చాపింది. జామ, మిరప రెండూ అమెరికా ఖండాలవే. వాళ్ళు పండ్ల మీద కారం, ఉప్పు, నిమ్మరసం చల్లుకోని రోజు ఉండదు. "గుయాబా. మాకూ ఉంది." పక్క బండి మీది సపోటా చూపించాను. అదీ ఉంది. పైగా సపోటా అన్న మాటే వాళ్ళది, నావాట్ల్‌లో త్సపోత్ల్. ఆ చెట్టు పాల నుంచే తొలినాటి చూయింగ్ గమ్ చేశారు. ఇంకో తట్టలో ఆ ఏటి తొలి సీతాఫలాలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవి. "అనోనా" అంది వదినె.

నాకు కొంచెం బాధేసిన మాట దాచను. రామాయణం నాటి సీతమ్మ పేరు పెట్టుకున్న పండు కూడా సముద్రాలు దాటి వచ్చిందేనని పుస్తకాల్లో చదివి పిల్లలకు చెప్పినదాన్నే నేను. చదవడం వేరు, ఆ పండును పుట్టింటి పిల్లలా పలకరించే మనిషి పక్కన నిలబడడం వేరు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. ఆమె గింజలు ఉమ్మేయడానికి కాగితం పొట్లం చేసి నా చేతికి కూడా ఒకటి ఇచ్చింది.

మూడో రోజు, ముద్దపప్పు బతుకమ్మ

వాన. ఇంట్లోనే ఉన్నాం. కాలనీ మలుపులో మక్క కంకులు కాల్చే అవ్వ గొడుగు కింద కూర్చుంటే నాలుగు తెచ్చాను. బొగ్గుల మీద కాలిన కంకికి నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్దడం వాళ్ళ ఊళ్ళోనూ అంతేనట, కాకపోతే పైన తురిమిన జున్ను కూడా. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ ఒకచోట ఆగింది. వెదురు గంపలో ఎర్రగా వేయించిన మిడతలు. చపులీనెస్ అంటారు, ఎల్లిపాయ, నిమ్మ, ఉప్పు వేసి వేయిస్తారు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

అత్తమ్మ ఫోన్ తన చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు సవరించుకుంది. "ఇవి మన ఉసిళ్ళ లెక్కనే గదనే" అంది. తొలకరి వానకు పుట్టలోంచి లేచే ఉసిళ్ళను దీపం కింద గిన్నెలో నీళ్ళు పెట్టి పట్టేవాళ్ళట. రెక్కలు రాల్చి, వేయించి, ముర్మురాల్లో కలిపి తినేవాళ్ళట. ఆమె చిన్నప్పుడు ఉసిళ్ళు పడిన రోజు ఇంట్లో పండగట. ముప్ఫై ఐదేళ్ళుగా ఈ ఇంట్లో కోడలిని, ఆ సంగతి నాతో ఏనాడూ అనలేదు. నేను అడగనూ లేదు.

నాలుగో రోజు, నానబియ్యం బతుకమ్మ

ఈ రోజు గురించి ఎక్కువ చెప్పాలి.

సాయంత్రం ఉప్పల్ వైపు నడిచాం. ముందు మిర్చి బజ్జీల బండి. లావు పచ్చిమిర్చిని పొడవునా చీల్చి, గింజలు తీసి, చింతపండు గుజ్జులో ఓమ, ఉప్పు కలిపిన ముద్ద కూరి, శనగపిండి జారులో ముంచి నూనెలో వేస్తున్నారు. వాళ్ళ దగ్గర మిర్చిలో జున్ను కూరి గుడ్డు సొనలో ముంచి వేయిస్తారు. మిరపను వేల ఏళ్ళ కిందట సాగులోకి తెచ్చుకున్న నేల వాళ్ళది. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో మన తీరానికి తెచ్చేదాకా మన వంటలకు ఘాటు ముఖ్యంగా మిరియాలతోనే. మిరపకు మనం పెట్టిన పేరు కూడా మిరియం మీదనే వచ్చింది. ఇవన్నీ నాకు తెలిసినవే, కానీ లోపలి చింతపండు తగలగానే ఆమె "తమరిందో!" అని కళ్ళు పెద్దవి చేసినప్పుడు లెక్క తారుమారైంది. ఎందుకంటే చింతపండు వాళ్ళది కాదు, సముద్రానికి ఇవతలి నుంచి వెళ్ళింది. అరబ్బులు దాన్ని హింద్ ఖర్జూరం, తమర్ హింద్ అన్నారు. ఆ పేరే స్పెయినువాళ్ళ నోట్లో తమరిందో అయి సముద్రం దాటింది. ఇప్పుడు వాళ్ళ పిల్లలు చింతపండు, కారం, చక్కెర కలిపిన మిఠాయి చీకుతూ బడికి వెళ్తారు. మిరప ఇటు వచ్చింది, చింత అటు వెళ్ళింది, రెండూ ఆ బజ్జీలో కలిశాయి. ఆమె మూడు తింది. బండి ఆయన నాలుగోది ఊరికే ఇచ్చాడు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసే అక్కలు వరసగా ఉంటారు. గ్యాస్ పొయ్యి, నల్లటి పెనం, పక్కన పిండి డబ్బా. వదినె నా చెయ్యి వదిలేసి వెళ్ళి మొదటి పొయ్యి ముందు గొంతు కూర్చుంది. పెనాన్ని చూపించి "కొమాల్" అంది. ఆ అక్కకు నలభై ఏళ్ళుంటాయేమో, "ఏమంటుంది ఈ అమ్మ?" అని నన్నడిగింది. వీళ్ళ ఊళ్ళో కూడా చేతితో రొట్టెలు కొడతారక్కా, మక్కపిండితో, అన్నాను. "అయితే కొట్టుమను" అని పిండి ముద్ద తీసి ఇచ్చింది.

వదినె ఆ ముద్దను రెండు అరచేతుల మధ్య పెట్టి, చేతి నుంచి చేతికి వేస్తూ తట్టడం మొదలుపెట్టింది. వాళ్ళ తోర్తియా అట్లాగే చేస్తారు, గాలిలోనే. చప్పుడు బతుకమ్మ చప్పట్లలా లయగా ఉంది. ఐదారు తట్లకే రొట్టె అంచు నెర్రెలు బారి రెండు ముక్కలైంది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ విరిగింది. అక్క నవ్వలేదు. ఉడుకునీళ్ళు కొంచెం చల్లి పిండిని మళ్ళీ మర్దించి, పీట మీద పొడిపిండి చల్లి, ఆమె కుడిచేతిని తన చేత్తో పట్టుకుని కింద పెట్టించింది. "గాల్లో కాదమ్మా, నేల మీద. అరచెయ్యి మొదలుతోని తిప్పు." ముద్ద తిరుగుతూ తిరుగుతూ పెద్దదైంది. అంచు నెర్రె ఇచ్చిన చోట ఎడమచేతి బొటనవేలితో లోపలికి నెట్టాలి. పెనం మీద వేశాక పైన తడిచెయ్యి రాయాలి, ఆ తడి ఆరుతుండగా తిప్పేయాలి, ఆ తరువాత నేరుగా మంట మీద. రెండు వైపులా ఉబ్బి లేచిన ఆ రొట్టెను చూసి వదినె రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. 20 రూపాయలు ఇవ్వబోతే అక్క తీసుకోలేదు, "ఆమె కొట్టిన రొట్టెకు నాకెందుకు పైసలు" అంది. ఎల్లిపాయ కారం వేసి ఇచ్చింది.

గాలిలో ఎందుకు విరిగిందో పక్కనే పాన్ డబ్బా దగ్గర తెలిసింది. తమలపాకు మీద సున్నం రాస్తుంటే వదినె ఆ గిన్నెలోకి వంగి చూసి "కాల్" అంది. వాళ్ళు మక్కలను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, పొట్టు పోగొట్టి రుబ్బుతారు. సున్నం వల్లే ఆ పిండికి జిగి వస్తుంది, అందుకే గాలిలో తట్టినా విరగదు. జొన్నకు ఆ జిగి లేదు, ఉడుకునీళ్ళే దిక్కు. ఆ సున్నం ఇంకో పని కూడా చేస్తుంది. మక్కల్లో బిగుసుకుపోయి ఉన్న నయాసిన్ విటమిన్‌ను విడిపిస్తుంది. ఐరోపావాళ్ళు మక్కలు పట్టుకెళ్ళారు కానీ సున్నంలో ఉడికించడం నేర్చుకుని వెళ్ళలేదు. మక్కలే తిండిగా బతికిన పేదలకు చర్మం పొక్కిపోయే పెల్లాగ్రా జబ్బు వచ్చింది. మన దక్కన్‌లో ఆ జబ్బు జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో కనబడింది. మా ఇంటికి దగ్గర్లోనే, తార్నాకలో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్న చోట సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దాని మీద పనిచేశారు. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధం ఉండవచ్చని చెప్పారు. నేను పదో తరగతి పిల్లలకు ఈ పాఠం ఏళ్ళ తరబడి చెప్పాను. సున్నంలో ఉడికించాలన్న తెలివి ప్రయోగశాల కంటే ముందు ఎవరో ఆడవాళ్ళ వంటింట్లో పుట్టి ఉంటుందని ఆ పాన్ డబ్బా ముందు నిలబడే దాకా నాకు తట్టలేదు.

ఐదో రోజు, ఆరో రోజు

అట్ల బతుకమ్మ నాడు అట్లు బాగా తింది. సాయంత్రం నేనే బలవంతపెట్టి ఒక బండి దగ్గర పానీపూరీ తినిపించాను. ఆమె రెండు చాలంది, నేను వినలేదు. ఆ నీళ్ళ రంగు చూసి నాకే అనుమానం వచ్చింది, అయినా ఆరు తినిపించాను.

తెల్లవారి అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మవారికి నైవేద్యం ఉండదు. మా వదినె కూడా ఏమీ తినలేదు, తినే స్థితిలో లేదు. ఓమ నీళ్ళు ఇచ్చాను, మజ్జిగ ఇచ్చాను. నా వల్లే కదా అని ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం ఆమె మెల్లగా లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, జామచెట్టు లేత ఆకులు పది కోసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నీళ్ళలో మరిగించమని సైగ. వాళ్ళమ్మ చేసిన వైద్యమట. అత్తమ్మ అది చూసి, "మా అవ్వ గూడ జామాకే నమలమనేది" అంది. చీకటి పడేవేళకు ఆమె లేచి కూర్చుంది. నేను క్షమించమన్నాను. ఫోన్ ఆ మాటను స్పానిష్‌లో చదివింది. ఆమె నా నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి దువ్వి, "బదినె" అంది, అంతే.

ఏడో రోజు, వేపకాయల బతుకమ్మ

బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయించి అమ్మవారికి పెట్టాక అదే పిండితో అత్తమ్మ సర్వపిండి మొదలుపెట్టింది. మా వైపు గిన్నెప్ప అని కూడా అంటాం. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, కారం, ఉప్పు, కరివేపాకు వేసి గోరువెచ్చని నీళ్ళతో కలుపుతారు. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె లోపల నూనె పూసి, పిండిని అడుగు నుంచి గోడల దాకా సమంగా అతికించి, వేలితో గుంటలు చేస్తారు. గుంటల్లో తలా రెండు చుక్కల నూనె. మూత పెట్టి సన్న సెగ.

అత్తమ్మ గిన్నె ఆమె కాపురానికి వచ్చిన నాటిది. ఒక పక్క సొట్ట. వదినె తొలి ప్రయత్నంలో పిండి గోడకు నిలవక జారింది, ఎందుకంటే గిన్నె ఇంకా వేడిగా ఉంది. ఒకటి దిగాక గిన్నెను వెనక నుంచి నీళ్ళు పోసి చల్లారిస్తే తప్ప రెండోది అతకదు. అది చెప్పడం మేం మరిచిపోయాం. రెండోసారి నిలిచింది. గుంటలు ఇష్టం వచ్చినట్టు పొడుస్తుంటే అత్తమ్మ ఆమె వేలు పట్టుకుంది. "గుంటకు గుంటకు నడుమ రెండేళ్ళ సందు ఉండాలె. లేకుంటే తీసేటప్పుడు ముక్కలైతది." నేను అనువాదం చేయబోతే అవసరం లేదని వదినె తల ఊపింది, తన రెండు వేళ్ళు పిండి మీద ఆనించి కొలిచి చూపించింది.

అడుగు మాడీ మాడక ఎర్రగా వచ్చిన ఆ పెళ్ళను విరిచి నోట్లో పెట్టుకుని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేను "మాకూ ఉంది" కోసం ఎదురుచూశాను. "ఇది మాకు లేదు" అంది. లేదు అన్న మాట ఎప్పుడు నేర్చుకుందో!

తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ

ఎనిమిదో రోజు వెన్నముద్దలు చేసి, తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్ళి వచ్చాం. అక్కడ బస్తాల కొద్దీ బంతి చూసి ఆమె నిలబడిపోయింది. సీతమ్మ జడ పూల కట్ట తీసి, తల మీద కోడి జుట్టులా పెట్టి చూపించింది. వాళ్ళూ ఆ పువ్వును కోడి జుట్టనే అంటారట, చనిపోయినవాళ్ళ పండగకు బంతి పక్కన అదీ ఉంటుందట. మనం కోడిజుట్టు పువ్వు అనడం నేను విన్నదే. ఇంటికొచ్చాక గౌరమ్మ కోసం తెచ్చిన గుమ్మడి పూలలో రెండు పక్కన పెట్టి, జున్ను దొరకక పనీర్‌తో కలిపి జొన్నరొట్టె మడతలో కాల్చింది. దేవుడి పువ్వు తింటారా అని ముందు మనసు ఒప్పలేదు. తిన్నాక ఇంకో రెండు పూలు కోయడానికి పక్కింటి పాదు దగ్గరికి వెళ్ళింది నేనే.

సద్దుల నాడు ఐదు రకాలు: చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది. బెల్లం వేసి నలిపిన మలీద ముద్దలు సరేసరి. చీకటి పడ్డాక బతుకమ్మలను చెరువులో వదిలి, గట్టు మీద అందరం ఆకుల్లో పెట్టుకుని పంచుకున్నాం. పులిహోర ఆమె రెండుసార్లు అడిగి తింది. పెరుగు సద్ది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక అవస్థ పడింది. వాళ్ళకు పెరుగంటే చక్కెరతో, పండ్లతో. అన్నంలో కలిపి ఉప్పు, తాలింపు వేయడం ఆమె నాలుకకు ఎంతకీ పొసగలేదు. పక్కనున్న కాలనీ ఆడవాళ్ళు "అలవాటైతది తినమ్మా" అంటుంటే నేను ఆమె ఆకులోంచి ఆ ముద్దలు తీసి నా ఆకులో వేసుకున్నాను. పానీపూరీ రోజు నేర్చుకున్నది అంతమాత్రం ఉంది.

మర్నాడు పెట్టె సర్దేటప్పుడు అత్తమ్మ తన సొట్ట గిన్నెను పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. నేను కొత్తది కొనిస్తానన్నాను. "కొత్తదాంట్ల పిండి అతుకది" అంది అత్తమ్మ.

నవంబరు 2

పొద్దున లేచేసరికి ఫోన్‌లో ఒక ఫోటో ఉంది. మెట్లు మెట్లుగా బల్ల, దాని నిండా బంతిపూలు, కోడిజుట్టు పూలు, కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్ళు, ఉప్పు, రొట్టెలు. మధ్యలో అన్నయ్య గారి ఫోటో, ముందు పల్లీల గిన్నె. ఆ పక్కనే ఇంకో చిన్న ఫోటో, కాగితం మీద అచ్చు వేయించింది. పెద్దది చేసి చూశాను. మా మామయ్య. పెత్రమాస నాడు ఆమె ఫోన్‌లో తీసుకున్నది. ఆయన ముందు పళ్ళెంలో గుండ్రంగా, అంచులు ఎర్రబడి, వాళ్ళ మక్కపిండితో చేసిన సర్వపిండి.

అత్తమ్మకు తీసుకెళ్ళి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరుపుకుంటూ చాలాసేపు చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గుంటలు దగ్గర దగ్గర పడ్డయి" అంది. "రెండేళ్ళ సందు ఇడువుమని చెప్పు."